రెండోసారి కాలిన మోటరు

ఈసారి కబుర్లు మా బావి మోటరుతో మొదలుపెట్టక తప్పదు. రెండు నెలలుగా మా ఇంట్లో వేరే ముచ్చటే లేదు మరి.

జనగామ దగ్గర మా ఊళ్ళో మాకొక వ్యవసాయ బావి ఉంది. బోర్లు వచ్చాక ఊళ్ళో బావులు చాలామటుకు పూడిపోయాయి. నాన్న తవ్వించిన బావి కదా అని తమ్ముడు దీన్ని మాత్రం వదల్లేదు. గడ్డ మీద 5 హెచ్‌పీ మోనోబ్లాక్ మోటరు. యాసంగి నాట్లప్పుడు ఒక ఫేజు పోయి, మోటరు కాసేపు గుర్రుమని కాలిపోయింది. అందులో వింతేమీ లేదు. ఫేజు పోతే మోటరు కాలడం మా వైపు చిన్నపిల్లలకు కూడా తెలిసిన సంగతే. వైండింగ్ చేయించి తెచ్చాం. నలభై రోజులు తిరక్కముందే మళ్ళీ కాలింది. ఈసారి మూడు ఫేజులూ ఉన్నాయి, వోల్టేజీ బాగుంది, బేరింగులు కొత్తవి, బావిలో నీళ్ళున్నాయి. తమ్ముడు ట్రాన్స్‌ఫార్మర్‌ను తిట్టాడు. నేను స్టార్టర్‌ను అనుమానించాను. అమ్మ మాత్రం దిష్టి అంది.

ఈసారి వేరే షాపుకు తీసుకెళ్ళాం. అక్కడ పెద్దమనిషి ఒకాయన, అరవై దాటిన మనిషి, కళ్ళద్దాలు నుదుటి మీదికి నెట్టి మోటరు విప్పాడు. కాలిన కాయిల్ వైపు చూడను కూడా చూడలేదు. లోపలి ఇనుము మీద బొటనవేలు రుద్ది, "కాయిల్ మంచిగనే కట్టిండ్రు సారూ. గీ ఇనుమే సచ్చింది" అన్నాడు.

"ఇనుము చావడమేందన్నా?"

"పోయినసారి పాత కాయిల్ ఊడదియ్యనీకి కట్టెల మంటల ఏసిండ్రు. సూడుండ్రి, రేకులు నీలం రంగుకొచ్చినయ్. ఇగ దీనికి బంగారం తీగ చుట్టినా కాలుతది."

కాకతీయ యూనివర్సిటీలో ఫిజిక్సు చదివినవాణ్ణి. ఆ మాట నా తలకెక్కడానికి చేతిలో ఛాయ్ చల్లారేంత సేపు పట్టింది. ఆయన చెప్పింది ముమ్మాటికీ నిజం. ఎందుకు నిజమో చెప్పాలంటే ముందు మిమ్మల్ని ఒక తీగ లోపలికి తీసుకెళ్ళాలి.

తీగలో కరెంటు పోతుంటే దాని చుట్టూ అయస్కాంత క్షేత్రం ఉంటుందని బడిలో చదివే ఉంటారు. సద్దుల బతుకమ్మ నాడు మధ్యలో బతుకమ్మలు పెట్టి ఆడవాళ్ళు వలయాలు కట్టి తిరుగుతారే, అచ్చం అలాగే. దగ్గర వలయంలో బలం ఎక్కువ, దూరం పోయేకొద్దీ తక్కువ. ఇంతవరకు అందరూ చెబుతారు. మరి తీగ లోపల సంగతేమిటి? అక్కడ ఒక చీమ ఉందనుకోండి. చీమ నిలబడ్డ చోటునుంచి, తీగ నడిమధ్యను కేంద్రంగా పెట్టి ఒక వలయం గీయండి. ఆ వలయం లోపల పోయే కరెంటు మాత్రమే చీమకు లెక్క. బయట మిగిలిన కరెంటు అన్ని దిక్కులనుంచీ లాగి, చివరికి ఒకదాన్నొకటి కొట్టేసుకుంటుంది. అందుకని నడిమధ్యలో క్షేత్రం సున్నా. సగం దూరం వచ్చిన చీమ వలయంలో పడే కరెంటు సగం కాదు, పావు వంతు. వైశాల్యం లెక్క కదా. కానీ దూరం కూడా సగమే కాబట్టి, క్షేత్రం అంచు దగ్గర ఉన్నదానిలో సరిగ్గా సగం. అంటే నడిమధ్యలో సున్నాతో మొదలై, అంచు దాకా సాఫీగా పెరిగి, బయటికి రాగానే మళ్ళీ తగ్గుముఖం పడుతుంది. అన్నిటికన్నా గట్టి చోటు తీగ చర్మమే. సెంటీమీటరు మందం తీగలో 100 ఆంపియర్లు పోతుంటే, తీగ ఒంటి మీద క్షేత్రం 40 గాస్. మన దగ్గర దిక్సూచి ముల్లును తిప్పే భూమి క్షేత్రం 0.4 గాస్ దరిదాపుల్లో ఉంటుంది. నూరు రెట్లన్నమాట.

ఇదంతా బ్యాటరీ కరెంటుకు. మన ఇళ్ళకు వచ్చేది సెకనుకు 50 సార్లు అటూ ఇటూ ఊగే కరెంటు. దాంతోపాటు లోహం లోపలి క్షేత్రమూ ఊగుతుంది. ఊగే క్షేత్రమంటే లోహానికి పడదు. 1831లో ఫారడే కనిపెట్టింది, 1834లో లెంజ్ దిశ తేల్చి చెప్పింది ఈ పడకపోవడం గురించే. క్షేత్రం పెరుగుతుంటే పెరగొద్దంటుంది, తగ్గుతుంటే తగ్గొద్దంటుంది. మా మేనత్త ఒకావిడ ఉండేది. చుట్టం వస్తే ఇప్పుడెందుకొచ్చావని గుమ్మంలోనే సాధించేది, బయల్దేరితే అప్పుడే పోతావా అని చెయ్యి పట్టుకునేది. లోహానిదీ అదే తీరు. మాటతో ఊరుకోదు, తనలోనే సుడులు సుడులుగా కరెంటు పుట్టించి మరీ అడ్డం పడుతుంది. వాటినే సుడి ప్రవాహాలంటారు. 1855లో వీటిమీద పనిచేసిన ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు ఫూకో పేరుతో పిలిచేవాళ్ళూ ఉన్నారు.

తీగ నడిమధ్య చుట్టూ మొత్తం క్షేత్రం అల్లుకుని ఉంటుంది, అంచుకు అంత బాధ లేదు. అందుకే మధ్యలో పోవాలనుకునే కరెంటుకు అడ్డు ఎక్కువ, అంచున తక్కువ. ఫలితంగా కరెంటు చర్మం వైపు జరుగుతుంది. స్కిన్ ఎఫెక్ట్ అని ఇంజనీర్లు దీన్నే అంటారు. జనగామ బస్సులో కండక్టరు "లోపటికి జరుగుండ్రి" అని గొంతు చించుకుంటాడు. ఈ రాగి కండక్టరు మాత్రం బయటికి జరగమంటుంది. 50 సైకిళ్ళ కరెంటు రాగిలో 9 మిల్లీమీటర్ల లోతుకు వెళ్ళేసరికి మూడో వంతు చిల్లరకు పడిపోతుంది. అల్యూమినియంలో ఆ లోతు 12 మిల్లీమీటర్లు. సెల్‌ఫోన్ తరంగాల దగ్గరికొస్తే రాగిలో లోతు రెండు మైక్రాన్లే, వెంట్రుక మందంలో ఇరవయ్యో వంతు కూడా రాదు.

ఈ సుడులను కళ్ళారా చూసిన తరం మాది. పాత కరెంటు మీటరు గుర్తుందా? నల్ల డబ్బా, అద్దం వెనక వెండిలా మెరిసే చక్రం, దాని అంచున ఒక గీత. ఇంట్లో లైట్లన్నీ ఆర్పేసి చక్రం ఆగిందో లేదో చూడటం, మళ్ళీ ఇస్త్రీ పెట్టె పెట్టి అది పరుగెత్తడం చూడటం, నాన్న చేత తిట్లు తినడం మా ఎండాకాలం ఆటల్లో ఒకటి. ఆ చక్రం అల్యూమినియం. అయస్కాంతానికి అంటుకోదు. దానికి ఏ తీగా కలిపి ఉండదు. అయినా తిరిగేది. పక్కనున్న రెండు కాయిల్స్ దాని లోపల సుడులు పుట్టించి, ఆ సుడుల్నే పట్టుకుని నెట్టేవి. అంతకన్నా తమాషా ఇంకోటుంది. చక్రానికి ఇంకో పక్క గుర్రపునాడా ఆకారంలో మామూలు అయస్కాంతం ఒకటి ఉండేది. అది బ్రేకు. చక్రం దాని నోట్లోంచి దూరేటప్పుడు మళ్ళీ సుడులు పుట్టి వెనక్కి లాగేవి. ఎంత జోరుగా తిరిగితే అంత గట్టిగా లాగేవి. నెట్టేదీ సుడే, ఆపేదీ సుడే. రెండూ తూగిన చోట వచ్చే వేగమే మన బిల్లు. తిరిగే రాగి పళ్ళెం పక్కన దిక్సూచి ముల్లు కదులుతుందని 1824 ప్రాంతంలో అరాగో అనే శాస్త్రజ్ఞుడు గమనించాడు. అది ఎందుకో ఆయనకు అంతుపట్టలేదు, ఫారడే వచ్చి చెప్పాల్సి వచ్చింది. ఆ అంతుపట్టని పళ్ళేన్ని వందేళ్ళకు పైగా మనం గోడలకు తగిలించుకుని డబ్బులు కట్టాం!

సరే, పెద్ద కరెంటు దగ్గర ఈ సుడుల సంగతేమిటో చూడటానికి ఇక భూపాలపల్లి పోదాం. 2016 అక్టోబర్ 11న జిల్లాలు విడిపోకముందు జనగామ, మానుకోట, భూపాలపల్లి అన్నీ వరంగల్లే. కాగితం మీద విడదీశారు గానీ కరెంటు తీగలను ఎవరు విడదీస్తారు? చెల్పూరు దగ్గర కాకతీయ థర్మల్ కేంద్రం ఉంది. మొదటి యూనిట్ 500 మెగావాట్లు, రెండోది 600. పక్కనే సింగరేణి బొగ్గు. 500 మెగావాట్ల జనరేటరు మన దేశంలో సాధారణంగా 21 వేల వోల్టుల దగ్గర కరెంటు తీస్తుంది. లెక్క వేస్తే ఒక్కో ఫేజులో 16 వేల ఆంపియర్ల పైమాటే. మా బావి మోటరు తాగేది ఏడెనిమిది.

పదహారు వేల ఆంపియర్లను ఏ తీగలో పంపుతారు? తీగలో కాదు, గొట్టంలో. అల్యూమినియం గొట్టం, లోపల డొల్ల. మధ్యలో లోహం పోసినా కరెంటు అటు తొంగిచూడదు కదా, దండగ. డొల్ల అయితే వేడీ త్వరగా పోతుంది. ఈ గొట్టం నడిమధ్యనుంచి అడుగు దూరంలో క్షేత్రం నూరు గాస్ పైనే ఉండాలి. అలా వదిలేస్తే పక్కనున్న ఇనుప దూలాల్లో, నేలలోని కడ్డీల్లో సుడులు లేచి అవి కాలిపోతాయి. అందుకని ప్రతి గొట్టం చుట్టూ ఇంకో పెద్ద అల్యూమినియం గొట్టం తొడిగి, మూడు ఫేజుల తొడుగులనూ రెండు చివర్లా కలిపేస్తారు. ఆ తొడుగులో ఏ కరెంటూ పంపరు. దానంతటదే పుడుతుంది, లోపలిదానికి ఎదురుగా, దాదాపు అంతే. రెండూ కలిసి బయట క్షేత్రం దాదాపు మాయం. మేనత్త పంతాన్ని ఇంత చక్కగా వాడుకున్న పని ఇంకోటి లేదని నా అభిప్రాయం.

జనరేటరు లోపలికి వెళ్తే నాకు మరీ ఇష్టమైన సంగతి ఒకటుంది. అక్కడ కాయిల్ అంటే తీగ కాదు, ఇనుప గాడిలో బిగించిన లావుపాటి రాగి కడ్డీ. గాడి అడుగున క్షేత్రం తక్కువ, పైకి వచ్చేకొద్దీ ఎక్కువ. ఇందాకటి చీమ లెక్కే. కడ్డీని ముద్దగా పోస్తే కరెంటంతా పైఅంచుకు చేరి అక్కడే మరుగుతుంది. పోనీ సన్నని రాగి పట్టీలుగా చీల్చి, ఒక్కోదానికి పూత పూసి పేరిస్తే? చివర్లలో అన్నీ కలుస్తాయి కాబట్టి పై పట్టీకీ కింది పట్టీకీ మధ్య దొంగ కరెంటు తిరుగుతూనే ఉంటుంది. 1912లో జర్మనీలోని మాన్‌హైమ్‌లో రోబెల్ అనే ఇంజనీరు దీనికి మందు కనిపెట్టాడు. పట్టీలను జడలా అల్లాడు. పైన ఉన్న పాయ మెల్లగా కిందికి, కింది పాయ పైకి. కడ్డీ ఈ చివరనుంచి ఆ చివరకు వెళ్ళేలోపు ప్రతి పట్టీ ప్రతి స్థానంలోనూ కాసేపుంటుంది. ఎండ కొంత, నీడ కొంత, అందరికీ సమానం. చివర్లలో కలిసినా ఇక గొడవ లేదు. పొద్దున్నే పిల్లకు జడ వేసి బడికి పంపే ప్రతి తల్లికీ ఇది ఒక్క చూపులో అర్థమవుతుంది. నాకు ఎమ్మెస్సీలో బోర్డు మీద గీసి చెప్పినా అర్థం కాలేదు.

అక్కణ్ణుంచి కరెంటు 4 లక్షల వోల్టులకు ఎక్కి టవర్ల మీద బయల్దేరుతుంది. మన లైన్ల తీగలకు జంతువుల పేర్లుంటాయని తెలుసా? ఊళ్ళోకి వచ్చే సన్న తీగలు వీజిల్, రాబిట్. కొంచెం లావైతే డాగ్, పాంథర్, జీబ్రా. 4 లక్షల వోల్టుల లైన్ల మీద ఎక్కువగా కనిపించేది మూస్, అంటే చలిదేశాల పెద్ద దుప్పి. స్తంభం కింద నిలబడి "రాబిట్ తెగింది" అని లైన్‌మన్ అరిస్తే కొత్తవాళ్ళు కుందేలు కోసం వెతుక్కోవాల్సిందే. మూస్ మందం 31.8 మిల్లీమీటర్లు. కడుపులో 7 ఉక్కు తీగలు, చుట్టూ 54 అల్యూమినియం తీగలు. ఉక్కు బరువు మోయడానికి, అల్యూమినియం కరెంటు మోయడానికి. అల్యూమినియం భాగం మందం పదిన్నర మిల్లీమీటర్లు చిల్లర. అల్యూమినియంలో కరెంటు దిగే లోతు ఎంతన్నాను? పన్నెండు. కరెంటు పెద్దగా వెళ్ళని చోట ఉక్కు పెట్టారన్నమాట. పైగా అల్యూమినియం ఒక పొర కుడికి చుడితే తరవాతి పొర ఎడమకు చుడతారు. అన్నీ ఒకే వైపు చుడితే అది కాయిల్ అయి, కడుపులోని ఉక్కును అయస్కాంతం చేసి కూర్చుంటుంది.

మానుకోట స్టేషన్లో కూర్చున్నప్పుడు ఈసారి పైకి చూడండి. ఇంజను నెత్తిమీద దువ్వెన రాసుకునే రాగి తీగలో 25 వేల వోల్టులు. ఆ తీగ 12 మిల్లీమీటర్ల మందమే కాబట్టి డొల్లలూ జడలూ అక్కర్లేదు. దానికింద పరుగెత్తే డబ్ల్యూఏపీ-7 ఇంజనులో ఆరు మోటార్లు, మొత్తం ఆరు వేల హెచ్‌పీ పైచిలుకు. అవీ మా బావి మోటరూ ఒకే జాతి. లోపల తిరిగే రోటరుకు బయటనుంచి ఒక్క తీగ కూడా పోదు. చుట్టూ తిరిగే క్షేత్రం రోటరులోని కడ్డీల్లో కరెంటు పుట్టిస్తుంది, ఆ కరెంటు క్షేత్రాన్ని అందుకోవాలని ఉరుకుతుంది, ఎన్నటికీ అందుకోదు. మీ మోటరు పేరుపలక మీద 2880 అని ఉంటుంది చూడండి. క్షేత్రం నిమిషానికి 3000 చుట్లు తిరుగుతుంది, ఆ 120 వెనకబాటు లేకపోతే మోటరుకు బలమే లేదు. మోటరు వేసిన క్షణంలో రోటరు కడ్డీల్లో కరెంటు సెకనుకు 50 సార్లు ఊగుతుంది, పరుగందుకున్నాక 2 సార్లు. థర్మల్ కేంద్రాల్లోని పెద్ద మోటార్లలో ఈ కడ్డీలను కావాలనే లోతుగా చేస్తారు. మొదట్లో కరెంటు కడ్డీ పైఅంచున ఇరుక్కుని నిరోధం పెరుగుతుంది, దాంతో మొదలయ్యే బలం వస్తుంది. పరుగు మొదలయ్యాక కడ్డీ నిండా పరుచుకుని నష్టం తగ్గుతుంది. గేరు మార్చేవాడు లేని గేరు.

ఇప్పుడు మా చచ్చిన ఇనుము దగ్గరికి వద్దాం. మోటరులో కాయిల్ చుట్టేది ఇనుము గాళ్ళలో. ఆ ఇనుమూ లోహమే, అందులోనూ క్షేత్రం ఊగుతుంది, అందులోనూ సుడులు లేస్తాయి. ముద్ద ఇనుము పెడితే మోటరు నీళ్ళు తోడదు, పొయ్యి అవుతుంది. ఇండక్షన్ స్టవ్వు చేసేది సరిగ్గా అదే. దాని మీద సత్తు గిన్నె పెడితే ఎందుకు వేడెక్కదంటారా, అల్యూమినియం సుడులకు మరీ సాఫీ దారి. రాపిడి లేనిచోట వేడెక్కడిది?

మోటరులో పొయ్యి వద్దు కాబట్టి ఇనుమును అర మిల్లీమీటరు రేకులుగా కోసి పేరుస్తారు. షాపుల్లో స్టాంపింగ్స్ అంటారు. ట్రాన్స్‌ఫార్మర్లో ఇంకా పల్చన. ఒక్కో రేకు మీద కంటికి కనపడని పూత. ఆ పూత దాటి సుడి పక్క రేకులోకి పోలేదు. అర మిల్లీమీటరు సందులో అది ఎంతని తిరుగుతుంది? సుడుల నష్టం రేకు మందానికి వర్గంగా పెరుగుతుంది. రెండు రేకులు అంటుకుంటే నష్టం రెట్టింపు కాదు, నాలుగింతలు.

కాలిన కాయిల్ వార్నిష్‌తో గట్టిపడి ఊడి రాదు. ఒక చివర ఉలితో కోసి, కట్టెలో కిరసనాయిలో వేసి మండిస్తే పని గంటలో అయిపోతుంది. ఆ మంటకు కాయిల్ పూతతోపాటు రేకుల పూతా పోతుంది. మోటరు రిపేరులో తెలిసినవాళ్ళు పెట్టుకున్న హద్దు 360 డిగ్రీల చుట్టుపక్కల, అదీ కొలిమిలో కొలిచి. కట్టెల మంటకు కొలత ఎవరు పెట్టారు? పైకి మోటరు కొత్తదానిలా ఉంటుంది, రంగు కూడా వేస్తారు. లోపల రేకులన్నీ అక్కడక్కడా ఒక్కటై, పంపు లేకుండా ఉత్తగా తిప్పినా వేడెక్కుతుంది. ఆ వేడికి కొత్త కాయిల్ పూత వారాల్లో పెళుసెక్కుతుంది. తమ్ముడు తిట్టిన ట్రాన్స్‌ఫార్మర్ పాపం ఏ పాపమూ ఎరగదు.

పెద్దాయనను అడిగాను, మరి ముందే తెలిసేదెట్లా అని. "కట్టినంక పంపు ఇప్పి, ఉత్త మోటరు అరగంట తిప్పుమనుండ్రి. చెయ్యి ఆనకుంట కాలితే తీస్కపోవద్దు" అన్నాడు. అంతకు మించి ఏ యంత్రమూ లేదు ఆయన షాపులో. ఆ చెయ్యి మీకూ ఉంది. ఈసారి వైండింగ్‌కు ఇచ్చినప్పుడు రెండు మాటలు చెప్పండి: మంటలో వెయ్యొద్దు, అరగంట తిప్పి చూపించు. కొంచెం ఎక్కువ అడిగితే ఇవ్వండి.

మేము కొత్త మోటరు కొన్నాం. పాతదాని స్టేటర్‌ను నేను తూకానికి వెయ్యనివ్వలేదు. ఆదివారాలు కూర్చుని రేకులు ఊడదీస్తున్నాను. జానెడు కూడా లేని ఆ ఇనుప దొంతరలో రెండు వందల పైచిలుకు ఉండాలి. ఇప్పటికి నూట పన్నెండు వచ్చాయి. మిగిలినవి ఉలి పెట్టినా విడివడటం లేదు.